నిండుగా తిరిగొచ్చిన వాటర్ బాటిల్: తొమ్మిదో తరగతిలో ఒక కేసు

ఆడపిల్లలా ఉంటాడని తోటి పిల్లలు ఏడిపించిన ఒక బాబు కేసు ఇది. రాయడానికి అతని దగ్గరా, వాళ్ళమ్మ దగ్గరా అనుమతి తీసుకున్నాను. ఇక్కడ అతన్ని చిన్నా అంటాను, అది అసలు పేరు కాదు. ఊరు, స్కూలు, సంవత్సరం చెప్పడం లేదు. ఇంటి వివరాలు కొన్ని మార్చాను. మార్చనివి రెండే: జరిగిన వరస, ప్రతి మలుపులో మేం ఏమనుకుని ఏం చేశామన్నది. తప్పులు చాలా జరిగాయి. వాటిలో రెండు నావి.

నేపథ్యం

నేను స్కూల్ కౌన్సిలర్‌ని, పదకొండేళ్ళుగా ఇదే పని. అప్పట్లో వారంలో మూడు రోజులు ఒక ప్రైవేటు హైస్కూల్లో ఉండేదాన్ని. అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి చదివే స్కూలే, కానీ క్లాసులో వరసలు వేరు. స్లిప్ టెస్టులు, స్టడీ అవర్లు, ర్యాంకులు, గేటు దగ్గర టాపర్ల ఫొటోలతో ఫ్లెక్సీ, అన్నీ మామూలే. కౌన్సిలర్ గది అంటే లైబ్రరీ వెనకున్న చిన్న గది. అక్కడికి ఎవరైనా వెళ్తే క్లాసంతటికీ తెలిసిపోతుంది. ఆ సంగతి తర్వాత ఇబ్బంది పెట్టింది.

చిన్నా తొమ్మిదో తరగతి. చదువులో మధ్యస్థం, తెలుగులో మాత్రం ముందు. గొంతు సన్నం. మాట్లాడేటప్పుడు చేతులు కదుపుతాడు. చిన్నప్పటి నుంచీ స్నేహితులు అమ్మాయిలే. ఎనిమిదో తరగతి దాకా ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. తొమ్మిదిలో సెక్షన్లు కలిపి మళ్ళీ విడదీశారు. కొత్త సెక్షన్‌లో క్రికెట్ టీమ్ కెప్టెన్ ఉన్నాడు. అతన్ని కెప్టెన్ అనే అంటాను.

ఏ సమస్యతో వచ్చాడు

కడుపునొప్పితో. జూలైలో క్లాస్ టీచర్ అతన్ని నా దగ్గరికి పంపారు. "పొద్దున్నే నొప్పి అంటాడట మేడమ్. స్కానింగ్ కూడా తీయించారట, ఏమీ లేదట. బడి ఎగ్గొట్టడానికేమో చూడండి" అన్నారు. హాజరు పట్టీ తెప్పించాను. అతను రాని రోజుల్లో ఎక్కువ మంగళవారాలూ శుక్రవారాలే. టైమ్‌టేబుల్ పక్కన పెట్టుకుని చూస్తే ఆ రెండు రోజులూ గేమ్స్ పీరియడ్.

మొదటి రెండుసార్లు చిన్నా ఏమీ చెప్పలేదు. మూడోసారి నేను అడగకుండానే ఒక మాట అన్నాడు: "అమ్మ రోజూ తిడుతోంది మేడమ్, బాటిల్ అలాగే తెస్తున్నావని." లీటరు బాటిల్. పొద్దున నింపి పంపితే సాయంత్రం నిండుగానే ఇంటికొస్తోంది. నీళ్ళెందుకు తాగట్లేదు నాన్నా అని అడిగాను. తలొంచుకుని మూత తిప్పుతూ కూర్చున్నాడు. బిగించి, విప్పి, మళ్ళీ బిగించి. చాలాసేపటికి "తాగితే వెళ్ళాలి కదా" అన్నాడు.

అక్కడ అర్థమైంది. పొద్దున ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం ఐదు దాకా ఆ పిల్లవాడు టాయిలెట్‌కి వెళ్ళడం లేదు. వెళ్ళలేక నీళ్ళు మానేశాడు. కడుపునొప్పి నాటకం కాదు.

ఆ పిల్లలు వాడే మాటలు ఒక్కసారే రాస్తాను, ఎందుకంటే ఇలాంటి మాటల్ని మనం "ఏవో అల్లరి మాటలు" అని దాటేస్తాం: తేడాగాడు, పాయింట్ ఫైవ్, ఆడంగి. ఇంకా రెండున్నాయి, అవి రాయను. చిన్నా బోర్డు దగ్గరికి వెళ్తే వెనక నుంచి చప్పట్లు కొట్టేవారు. హిజ్రాలు కొట్టే చప్పట్లలా, అరచేతులు అడ్డంగా పెట్టి. టీచరు వెనక్కి తిరిగి చూస్తే కనిపించేది చప్పట్లు కొట్టిన పిల్లలే. దాన్లో తప్పేముందని ఏ టీచరుకైనా అనిపిస్తుంది. ఆ చప్పట్ల అర్థం తెలిసింది క్లాసులో పిల్లలకే.

మొదట ఏం చేశాం, ఎందుకు దెబ్బతింది

క్లాస్ టీచర్ మంచి మనిషి. ఆవిడకి తోచింది ఆవిడ చేశారు: చిన్నాను తీసుకొచ్చి ముందు బెంచీలో, అమ్మాయిల వరస పక్కన కూర్చోబెట్టారు. వాడికి అక్కడ తోడుంటుంది, మగపిల్లలకి దూరంగా ఉంటాడు అన్నది ఆలోచన. క్లాసుకి అర్థమైంది వేరు. టీచరే ఒప్పుకున్నారు, వీడు ఇటువైపు వాడని. ఆ రోజు నుంచి ఆ బెంచీకే ఒక పేరు పడింది. ఏడిపించిన వాళ్ళు ఉన్నచోటే ఉన్నారు, ఏడిపించబడిన వాడు లేచి వెళ్ళాడు. ఇలాంటి కేసుల్లో మొట్టమొదట చూడాల్సింది ఎవరు కదులుతున్నారన్నది. ఈ కేసులో డిసెంబరు దాకా ప్రతిసారీ కదిలింది చిన్నానే.

ఆగస్టులో ఒకరోజు బోర్డు మీద అతని బొమ్మ గీసి కింద ఆ మాట రాశారు. ఇక్కడ నేను మొదటి తప్పు చేశాను. తల్లిదండ్రులకు చెబుదామని టీచరు అంటే సరే అన్నాను. చిన్నాను అడగలేదు. ఇంట్లో ఎవరితో చెప్పొచ్చు, ఎవరితో చెప్పకూడదు, ఎలా చెప్పాలి అని ఒక్క ప్రశ్న వేసి ఉంటే సరిపోయేది. పిల్లవాడు బాధలో ఉన్నాడు, తల్లిదండ్రులకు తెలియాలి కదా అన్న మామూలు లెక్కతో పోయాను. మామూలు బెదిరింపుల కేసులో ఆ లెక్క చాలావరకు సరైందే. ఇందులో కాదు. ఎందుకంటే "మీ అబ్బాయిని కొడుతున్నారు" అని చెబితే తండ్రి కొట్టిన వాళ్ళ మీద కోప్పడతాడు. "మీ అబ్బాయిని తేడా అంటున్నారు" అని చెబితే కొడుకు మీద కోప్పడతాడు.

అదే జరిగింది. ఆ రాత్రి దెబ్బలు పడ్డాయి. జుట్టు పొట్టిగా కత్తిరించారు. అమ్మాయిలతో మాట్లాడటం బంద్. పక్క ఊళ్ళో ఎవరో మందులిచ్చి "సెట్ చేస్తారని" తీసుకెళ్ళారు. మర్నాడు చిన్నా నా గదిలోకి వచ్చి నిలబడి "మీరు చెప్పారా మేడమ్?" అని ఒకే మాట అడిగాడు. చెప్పాను, నిన్ను అడక్కుండా చెప్పడం నా తప్పు అన్నాను. ఆ తర్వాత మూడు వారాలు నా గది వైపు రాలేదు.

ప్రిన్సిపల్ గారు ప్రేయర్‌లో మాట్లాడారు. దేవుడు అందరినీ సృష్టించాడనీ, "అలాంటి పిల్లల్ని" ఎగతాళి చెయ్యకూడదనీ, వాళ్ళ మీద జాలి చూపాలనీ చెప్పారు. మనసులో ఏ చెడూ లేదు. కానీ "అలాంటి పిల్లలు" అన్న మాట మైకులోంచి రాగానే తొమ్మిదో తరగతి లైనులో తలలన్నీ ఒకేవైపు తిరిగాయి. పక్కన నిలబడి నేను చూశాను. అప్పటిదాకా ఒక సెక్షన్‌కి తెలిసిన విషయం ఐదు నిమిషాల్లో స్కూలంతటికీ తెలిసింది.

సెప్టెంబరులో ఒక వాట్సాప్ స్టిక్కర్ బయటపడింది. చీర కట్టుకున్న ఒకావిడ ఒంటికి చిన్నా మొహం అతికించారు. చేసింది కెప్టెన్. మూడు రోజులు సస్పెండ్ చేశారు. నాలుగో రోజు అతను వస్తే వెనక బెంచీలు బల్లలు చరిచి స్వాగతం చెప్పాయి. ఆ మూడు రోజుల్లో క్లాసులో ఇంకేమీ మారలేదు, స్టిక్కర్ ఇంకా అందరి ఫోన్లలోనూ ఉంది. శిక్ష తప్పని నేననను. శిక్షకి ముందూ వెనకా ఏమీ లేకపోవడం తప్పు. క్లాసుకి అది చిన్నా వల్ల కెప్టెన్‌కి జరిగిన నష్టంలా కనబడింది.

నా రెండో తప్పు ఇక్కడే. ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడించాను. ఇద్దరు పిల్లల మధ్య గొడవైతే ఇది బాగా పనిచేస్తుంది, చాలాసార్లు చేశాను. కానీ గొడవంటే రెండువైపులా కాస్తో కూస్తో బలం ఉండాలి. ఇది గొడవ కాదు. ఒకవైపు సెక్షనంతా, ఇంకోవైపు ఒక్కడు. కెప్టెన్ చక్కగా సారీ చెప్పాడు, చెయ్యి కలిపాడు. చిన్నా "పర్లేదు" అన్నాడు. అనక ఏం చేస్తాడు? ఆ గదిలో "పర్లేదు" అనమని అతన్ని బలవంతపెట్టింది నేనే. బయటికెళ్ళాక ఆ చెయ్యి కలపడం కూడా ఒక జోకైపోయింది.

ఇన్ని జరిగాక దసరా సెలవులకు ముందు ప్రిన్సిపల్ గారు నన్ను పిలిచి మెల్లగా అడిగారు. "ఆ బాబుకే మంచిది మేడమ్, టీసీ తీసుకుంటే. కొత్తచోట ఎవరికీ తెలియదు కదా." మళ్ళీ కదలాల్సింది చిన్నానే. సెలవుల తర్వాత దాకా ఆగండి సార్ అన్నాను. ఆయన ఆగారు, అందుకు ఆయనకి నేను రుణపడి ఉన్నాను.

తిరిగి ఆలోచించింది

సెలవుల్లో కేసు కాగితాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. మేం చేసినవన్నీ కలిపి చూస్తే ఒకటే కనబడింది. జూలై నుంచి అందరం చిన్నా ఏమిటన్నదే చూస్తున్నాం. టీచరు అతన్ని ఎక్కడ కూర్చోబెట్టాలని చూశారు, తండ్రి ఎలా మార్చాలని చూశాడు, ప్రిన్సిపల్ ఎలా జాలిపడాలని చూశారు. నాలోనూ లోపల ఒక మూల ఆ ప్రశ్న ఉంది: ఇతను గేనా, ట్రాన్సా, ఏమీ కాదా? ఆ ప్రశ్నకి జవాబు తెలిస్తే స్కూలు చెయ్యాల్సిన పనిలో ఒక్కటైనా మారుతుందా అని నన్ను నేను ప్రశ్నించుకున్నాను. ఒక్కటీ మారదు. గే అయినా కాకపోయినా స్టిక్కర్ స్టిక్కరే, టాయిలెట్ తలుపు దగ్గర అడ్డం నిలబడటం అడ్డం నిలబడటమే. పద్నాలుగేళ్ళ పిల్లవాడికి తన గురించి తెలియకపోవచ్చు, తెలిసినా చెప్పాలనిపించకపోవచ్చు. అడిగే హక్కు మాకు లేదు.

సెలవుల తర్వాత చిన్నాను లైబ్రరీ మేడమ్ ద్వారా పిలిపించాను, పుస్తకాలు సర్దాలన్న మిషతో. నా గదిలో కాదు, లైబ్రరీలోనే కూర్చున్నాం. ఇకమీదట నిన్ను అడక్కుండా ఏ అడుగూ వెయ్యను, అయితే నీ ప్రాణానికో ఒంటికో ప్రమాదం ఉంటే మాత్రం చెప్పక తప్పదు, అప్పుడు కూడా ముందు నీకే చెబుతాను అన్నాను. ఈ మినహాయింపు మొదటే చెప్పాలి. "ఎవరికీ చెప్పను" అని మాటిచ్చి తర్వాత తప్పితే పిల్లలు మళ్ళీ నమ్మరు.

ఒక చిన్న పుస్తకం ఇచ్చాను. ఎప్పుడు, ఎక్కడ, ఎవరున్నారు, అంతే రాయాలి. ఏమనిపించిందో రాయక్కర్లేదు. మూడు వారాల్లో ఇరవై మూడు రాశాడు. క్లాసులో జరిగినవి ఆరే. మిగతావన్నీ మూడు చోట్ల: ఇంటర్వెల్లో టాయిలెట్స్ దగ్గర, గేమ్స్ పీరియడ్‌లో టీమ్‌లు వేసుకునేటప్పుడు, స్టడీ అవర్‌కి ముందు ఖాళీగా ఉండే పది నిమిషాల్లో. ఆ మూడు చోట్లా పెద్దవాళ్ళు లేరు, ఒక్క గ్రౌండ్‌లో తప్ప.

పద్దెనిమిదో ఎంట్రీ

ఇది విడిగా రాయాలి. పద్దెనిమిదో ఎంట్రీలో "మళ్ళీ జూన్‌లో లాగే" అని ఉంది. జూన్‌లో ఏమైంది నాన్నా అని అడిగాను. టాయిలెట్స్‌లో ఇద్దరు పెద్ద క్లాసు పిల్లలు తలుపు మూసి, "చూద్దాం నువ్వేంటో" అని బెల్టు పట్టుకుని లాగారు. ఎవరో వస్తున్న చప్పుడైతే వదిలేశారు. నీళ్ళు మానేసింది అప్పటి నుంచి.

ఇక్కడ నా దగ్గర రెండు దారులు లేవు. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం, 2012లో వచ్చింది, ఆడపిల్లలకీ మగపిల్లలకీ ఒకటే. అలాంటిది జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకో, జువెనైల్ పోలీసు విభాగానికో తెలియజెయ్యాలి. 19వ సెక్షన్ చెప్పేది అదే. తెలిసీ చెప్పకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అది లైంగిక ఉద్దేశంతో చేసిందా, అల్లరా అని తేల్చే పని స్కూలుది కాదు. చాలా స్కూళ్ళు ఇక్కడే "పిల్లల భవిష్యత్తు" అని ఇంట్లోనే సర్దేసుకుంటాయి. మా మేనేజ్‌మెంట్‌కీ అదే టెన్షన్.

ఆ భయంలో సగం తెలియక వచ్చిందే. పిల్లలు చేసిన నేరాల సంగతి చూసే జువెనైల్ జస్టిస్ చట్టం కింద 2016లో వచ్చిన నిబంధనల ప్రకారం, పిల్లలు చేసింది ఘోర నేరం కానప్పుడు, పెద్దవాళ్ళు కలిసి చెయ్యనప్పుడు, ఎఫ్‌ఐఆర్ కట్టరు. స్టేషన్ డైరీలో నమోదు చేసి, ఆ పిల్లల సామాజిక నేపథ్య నివేదికతో జువెనైల్ జస్టిస్ బోర్డుకు పంపుతారు. ఇది కాగితం మీద రాసి ప్రిన్సిపల్ గారి ముందు పెట్టాను. ముందు మాటిచ్చినట్టే చిన్నాకి చెప్పాను. వద్దని ఏడ్చాడు. వాళ్ళమ్మకి చెప్పాను, ఈసారి అతను ఎలా చెప్పమన్నాడో అలాగే: "ఇద్దరు పిల్లలు నా మీద చెయ్యి వేశారని చెప్పండి. వాళ్ళేమన్నారో చెప్పకండి." అమ్మ వచ్చింది, నాన్నకి తర్వాత ఆవిడే చెప్పుకుంది. లిఖితపూర్వకంగా తెలియజేశాం. మఫ్టీలో వచ్చిన అధికారి లైబ్రరీలో కూర్చుని మాట్లాడారు. ఆ ఇద్దరి విషయం ఇంతకు మించి రాయను, వాళ్ళూ పిల్లలే, బయటపెట్టడానికి చట్టమూ ఒప్పుకోదు.

దీనివల్ల నేను అనుకోని ఒక మేలు జరిగింది. స్కూలు ఒక పనిని ఆ పని పేరుతోనే పిలిచింది. "మావాడు అలా ఉంటాడు కాబట్టి ఇలా జరిగింది" అనుకుంటున్న తల్లికి "ఇలా చెయ్యడం నేరం" అని ఒక ప్రభుత్వ మనిషి నోటి వెంట వినబడింది. ఆవిడ నిటారుగా కూర్చోవడం నేను చూశాను.

పనిచేసినవి

మొదటిది పెద్దవాళ్ళ నోళ్ళు. చిన్నా పుస్తకంలో గ్రౌండ్‌కి సంబంధించిన ఎంట్రీల్లో ఒకదాంట్లో "ఎవరున్నారు" అన్నచోట "పీఈటీ సార్" అని ఉంది. సార్ ఏమన్నారని అడిగితే, "ఏంట్రా ఆడపిల్లలా పరిగెడతావు" అన్నారట. అందరితోనూ అంటారు, కోపంతో కాదు. పిల్లలకి అది అనుమతి పత్రం. ఆయన్ని స్టాఫ్ రూమ్‌లో అందరి ముందూ అడగలేదు. గ్రౌండ్‌కి వెళ్ళి విడిగా కూర్చుని, ఎంట్రీ చూపించాను. చాలాసేపు చదివారు. "నేనూ ఉన్నానా మేడమ్ ఇందులో" అన్నారు. మర్నాటి నుంచి టీమ్‌లు పిల్లలు ఎంచుకునే పద్ధతి తీసేసి ఒకటి, రెండు, ఒకటి, రెండు అని లెక్కపెట్టి విడగొట్టారు. చివరికి మిగిలిపోయే పిల్లవాడంటూ లేకుండా పోయాడు. ఈ కేసులో అన్నిటికంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చిన మార్పు ఇదే.

టీచర్లందరికీ ఒక గంట మీటింగ్ పెట్టించాను. 2021లో పాఠ్యపుస్తకాలు తయారుచేసే జాతీయ సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ ట్రాన్స్‌జెండర్ పిల్లల గురించి టీచర్ల కోసం ఒక మాన్యువల్ వెబ్‌సైట్‌లో పెట్టి, అభ్యంతరాలు రాగానే తీసేసింది. కాబట్టి టీచరు చేతిలో పెట్టడానికి నేనే ఒక పేజీ రాసుకున్నాను. అందులో ముఖ్యమైంది రెండు వాక్యాలే: "ఆ మాట ఈ క్లాసులో వాడం. ఇంటర్వెల్లో నా దగ్గరికి రా." అంతే, పాఠం కొనసాగించాలి. ఉపన్యాసం వద్దు, "వాడి మనసెంత బాధపడుతుందో" వద్దు, బాధితుడి వైపు చూపు కూడా వద్దు. ఎవరి గురించి అన్నా, ఎవరూ లేకుండా ఊరికే అన్నా, ఈ రెండు వాక్యాలే. ఒక టీచరు "మా మతంలో ఇవి తప్పు మేడమ్" అన్నారు. మీ నమ్మకం మీది, దాన్ని మార్చుకోమనడం లేదు, క్లాసులో ఒక పిల్లవాణ్ణి అవమానిస్తే ఆపడం మీ ఉద్యోగం అన్నాను. ఆవిడ ఒప్పుకున్నారు, నిజం చెప్పాలంటే అందరికంటే క్రమం తప్పకుండా పాటించింది ఆవిడే.

తెలుగు సార్ ఉత్సాహంగా ఒక ఆలోచన చెప్పారు. స్థానం నరసింహారావు గారు, వేదాంతం సత్యనారాయణ శర్మ గారు ఆడవేషం కట్టి సత్యభామగా వస్తే ఊళ్ళకి ఊళ్ళు కదిలొచ్చేవి కదా, అది క్లాసులో చెబుతానన్నారు. చెప్పండి సార్, కానీ ఇప్పుడు కాదు, ఆ సెక్షన్‌లో మొదట కాదు అన్నాను. ఇప్పుడు చెబితే చిన్నా గురించే చెబుతున్నట్టుంటుంది. ఫిబ్రవరిలో పదో తరగతిలో మొదలుపెట్టి అన్ని సెక్షన్లలో చెప్పారు.

ఆ మూడు చోట్లా ఎవరో ఒక పెద్దవాళ్ళు ఉండేలా డ్యూటీలు వేశారు. టాయిలెట్స్ దగ్గర సీసీ కెమెరా అన్నారు మేనేజ్‌మెంట్, వద్దన్నాను. అటెండర్ ఇంటర్వెల్లో అక్కడే నీళ్ళ ట్యాంకు దగ్గర నిలబడ్డాడు, చాలు. కొన్నాళ్ళపాటు చిన్నా స్టాఫ్ టాయిలెట్ వాడుకోవచ్చన్నారు. అతన్నే అడిగాను. వద్దన్నాడు, అది కూడా అందరూ చూస్తారు కదా అని.

తర్వాత క్లాసు. స్వీడన్ మనస్తత్వవేత్త అనటోల్ పికాస్ ఇలాంటి గుంపు వేధింపులకి ఒక పద్ధతి చెప్పారు. గుంపుని మొదటే గుంపుగా పిలవకూడదు, ముందు ఒక్కొక్కరినీ విడిగా పిలవాలి. నేరం మోపకూడదు, "అతనికి బాగాలేదు, నువ్వు గమనించావా, నువ్వేం చెయ్యగలవు" అని అడగాలి. టాయిలెట్స్‌లో జరిగినదానికి ఈ పద్ధతి పనికిరాదు, అది చట్టం చూడాల్సింది. మాటలకీ స్టిక్కర్లకీ పనికొస్తుంది. ఎనిమిది మందితో విడివిడిగా మాట్లాడాను. ఆరుగురికి చిన్నా మీద ద్వేషమేమీ లేదు. నవ్వకపోతే తర్వాత తమ వంతు వస్తుందన్న భయం. ఒకడు "నేను నవ్వను మేడమ్, కానీ ఫోన్ చూస్తున్నట్టు నటిస్తాను" అన్నాడు. అది చాలు, మొదలుపెట్టడానికి. ఇంకొకడు గ్రూపులో స్టిక్కర్ వచ్చినప్పుడు "తీసెయ్ రా" అని రాశాడు. క్లాసు గాలి మళ్ళింది అక్కడే అని నా నమ్మకం.

కెప్టెన్‌తో ఐదుసార్లు కూర్చున్నాను. అతనిలో పెద్ద మార్పు వచ్చిందని రాయలేను. కెప్టెన్సీ రెండు నెలలు తీసేశారు. ఈసారి ఎందుకు తీశారో, ఎప్పుడు, ఏం చేస్తే తిరిగొస్తుందో రాసిచ్చారు, చిన్నా పేరు లేకుండా: "తోటి విద్యార్థి ఫొటోను అవమానకరంగా మార్చి పంపినందుకు." స్టిక్కర్ వెళ్ళిన ప్రతి గ్రూపులోనూ అడిగి తీయించే పని అతనికే అప్పగించారు. వారం పట్టింది. ఒక మాట ఎంత దూరం పోతుందో ఆ వారంలో అతనికి తెలిసినట్టుంది. చిన్నాతో స్నేహం కాలేదు. ఏడిపించడం మానేశాడు. స్కూలు అతన్ని అడగగలిగింది అంతే.

ఇంటి సంగతి

వాళ్ళమ్మ ఒకరోజు తలుపు వేసి అడిగింది: "మావాడు బాగవుతాడా మేడమ్ గారూ?" బాగవ్వడానికి రోగం కాదమ్మా అన్నాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న స్వలింగ ఆకర్షణను రోగాల జాబితా నుంచి తీసేసింది. మన దేశపు సైకియాట్రిస్టుల సంఘం 2018లో ఇది మానసిక రోగం కాదని ప్రకటించింది. "మారుస్తాం" అని వైద్యం చెయ్యడాన్ని జాతీయ వైద్య కమిషన్ 2022లో వృత్తిపరమైన తప్పుగా ప్రకటించింది. ఇవన్నీ చెబుతూనే, మీ అబ్బాయి అలాంటివాడని నేను చెప్పడం లేదు, కాదనీ చెప్పడం లేదు, అది నాకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు అన్నాను. ఆ మందులు మాన్పించింది. ఎలా మాన్పించిందో నాకు చెప్పలేదు. తండ్రి ఒక్కసారి వచ్చారు, సంతకం పెట్టి వెళ్ళారు. జుట్టు మళ్ళీ పెరగనిచ్చారు. అక్కడితో ఆ ఇంట్లో నాకు తెలిసింది ఆఖరు. రాత్రిపూట భయమేస్తే ఎవరికి చెయ్యాలో రెండు నంబర్లు చిన్నా పుస్తకం అట్ట లోపల రాయించాను: పిల్లల హెల్ప్‌లైన్ 1098, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416.

జనవరిలో

ఎనిమిది నుంచి పది దాకా అన్ని సెక్షన్లకీ లైఫ్ స్కిల్స్ పీరియడ్‌లో గౌరవం గురించి నాలుగు క్లాసులు పెట్టాం. నవంబరులో పెట్టలేదు, ఎందుకంటే అప్పుడు పెడితే అది చిన్నా మీద క్లాసయ్యేది. కులం పేరు, ఒంటి రంగు, లావు, యాస, వాటి పక్కనే ఇది. ఒక పిల్లవాడు లేచి "అది నేరం కదా మేడమ్?" అన్నాడు. కాదు నాన్నా, పెద్దవాళ్ళ మధ్య ఇష్టపూర్వకమైన స్వలింగ సంబంధం నేరం కాదని 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తేల్చేసింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల్ని వాళ్ళు చెప్పుకున్న గుర్తింపుతోనే చూడాలని 2014లోనే చెప్పింది. నిజాం కాలం నాటి 1919 చట్టం హిజ్రాలను నేరస్తులుగా చూసేది, దాన్ని 2023లో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. పిల్లలు శ్రద్ధగా విన్నారు. పిల్లలకి ఇవన్నీ తెలియనివి, అంతే.

ఇద్దరు తల్లిదండ్రులు గొడవకి వచ్చారు, మా పిల్లలకి ఇవి ఎందుకు నేర్పుతున్నారని. నాలుగు క్లాసుల పాఠం కాగితం చేతిలో పెట్టాను. చదివి, ఒకరు వెళ్ళిపోయారు, ఒకరు తమ అబ్బాయిని ఆ క్లాసుకి పంపనన్నారు. సరే అన్నాం. కానీ ఆ మాటలు వాడకూడదన్న నియమం ఆ అబ్బాయికీ వర్తిస్తుందని రాసిచ్చాం.

జూలై, సెప్టెంబరు మధ్య పదిహేడు రోజులు రాని పిల్లవాడు జనవరి, మార్చి మధ్య రెండు రోజులే రాలేదు. ఒకటి జ్వరం. ఫిబ్రవరిలో మళ్ళీ మూడు వారాలు పుస్తకం రాయమంటే నాలుగు ఎంట్రీలొచ్చాయి. సున్నా కాలేదు. చప్పట్లు మాత్రం ఒకసారి మళ్ళీ వినబడ్డాయి, సైన్స్ మేడమ్ పాఠం ఆపకుండానే ఆ రెండు వాక్యాలూ అన్నారు.

నేను నేర్చుకున్నది

ఇప్పుడు ఇలాంటి కేసు వస్తే ఇంటికి ఫోన్ చెయ్యడానికి ముందు పిల్లల్ని అడుగుతాను. ఇద్దర్నీ ఒక గదిలో కూర్చోబెట్టను. ఎవరు కదులుతున్నారని ప్రతి నిర్ణయానికీ ముందు రాసుకుంటాను. జూన్ మొదటి రెండు వారాలు ఇంటర్వెల్లో టాయిలెట్స్ వైపు, గ్రౌండ్ వైపు నేనే తిరుగుతాను, కేసు నా దగ్గరికి వచ్చేదాకా ఆగను. పీఈటీ సార్లతో మొదటి వారంలోనే కూర్చుంటాను.

ఇదంతా ఒక కౌన్సిలర్ ఉన్న స్కూల్లో జరిగిన కథ. లేని స్కూళ్ళే ఎక్కువ. విశాఖపట్నంలో ఒక విద్యార్థిని మరణం కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాలు, వంద మంది, అంతకు పైన విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ అర్హత ఉన్న కౌన్సిలర్ ఉండాలన్నాయి. కులం, మతం, జెండర్, లైంగిక గుర్తింపు పేరుతో వేధిస్తే ఫిర్యాదు చేసుకునే ఏర్పాటూ ఉండాలన్నాయి. మీ పిల్లల స్కూల్లో ఆ రెండూ ఉన్నాయా అని ఈసారి పేరెంట్స్ మీటింగ్‌లో అడగండి. మీ పిల్లవాడు ఏడిపించేవాడైనా, ఏడిపించబడేవాడైనా, ఫోన్ చూస్తున్నట్టు నటించేవాడైనా సరే.

పదో తరగతి పరీక్షలయ్యాక చిన్నా వచ్చాడు. ఇది రాస్తున్నానని చెప్పి, చదవమని ఇచ్చాను. రెండుసార్లు చదివాడు. పోలీసులకు చెబుతానన్నప్పుడు ఏడ్చాడని రాశాను కదా, అక్కడ వేలు పెట్టి, "అప్పుడు ఏడవలేదు మేడమ్. ఇంటికెళ్ళాక ఏడ్చాను" అన్నాడు. దిద్దుతానన్నాను. కాసేపాగి, వద్దులెండి, అలాగే ఉంచండి అన్నాడు. "నేనేంటో మీరు ఎక్కడా రాయలేదు కదా, అది మాత్రం ఎవరు అడిగినా రాయకండి" అన్నాడు. ప్రామిస్ చేశాను. బ్యాగు పక్క జేబులో బాటిల్ సగం ఖాళీగా ఉంది.